తీసిన పార్టు పారేయకండి

నౌపడ ఉప్పు మడుల మీంచి వచ్చే గాలి ఇనుమును బతకనివ్వదు. ఈ తీరాన పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకి తుప్పు మొదట కనబడేది తలుపు కింది అంచున. పెయింటు పొంగుతుంది, వేలితో నొక్కితే పెచ్చు రాలుతుంది. టింకరింగ్ షెడ్డులో సలహా సిద్ధంగా ఉంటుంది: తలుపే మార్చేద్దాం అని. ఒప్పుకోకండి. తుప్పు తిన్నంత మేర కోసి, అంతే మందం రేకు వెల్డింగ్ చేయించి, లోపల రెడాక్సైడ్ కొట్టిస్తే ఆ తలుపు ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది. వేరే తలుపు తెచ్చి సందులు కుదరక పడే పాట్లూ తప్పుతాయి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఈ బండి 1950ల చివర్లో రోడ్డెక్కింది. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. ఇక కంపెనీ పార్టు అంటే ఎవరి అటక మీదో, ఏ పాత దుకాణం అరలోనో మిగిలినదే. అందుకే బండి నుంచి ఊడదీసిన ప్రతి పార్టునూ, అరిగినా విరిగినా సరే, దాచమంటాను. లేత్ పనివాడికి కొలత ఇచ్చేది అదే. దాన్ని పాత ఇనుముకి అమ్మేస్తే ఆ కొలతే పోతుంది.

నౌపడకి ఇది కొత్త సంగతి కాదు. 1900లో పర్లాకిమిడి రాజావారు ఇక్కడి నుంచి తమ ఊరికి వేయించిన రెండడుగుల ఆరంగుళాల చిన్న రైలు తర్వాత గుణుపురం దాకా సాగింది, బ్రాడ్‌గేజ్ పని కోసం 2004లో ఆగింది. దాని ఆవిరి ఇంజన్లలో కొన్నిటిని చేసిన ఇంగ్లండు కంపెనీ కెర్ స్టూవర్ట్ 1930లోనే మూతపడింది. ఇంజన్లు మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు నడిచాయి. తయారుచేసినవాడు లేనప్పుడు వర్క్‌షాపుకి పాత భాగమే నమూనా. దాన్ని చూసే అచ్చు పోయాలి, దాని కొలతకే తరిణె పట్టాలి.

పాత పార్టుల్లో జతలుంటాయి, వాటిని విడదీయకూడదు. ఎస్.యు. కార్బురేటర్‌లో పైనుండే గిన్నె, అందులో ఆడే పిస్టన్ ఒకదానికొకటి సరిపడేలా కలిపి ఇచ్చినవి. ఇంకో కార్బురేటర్ గిన్నె తెచ్చి పెడితే పిస్టన్ పట్టేస్తుంది, లేదా గాలి జారి ఐడిలింగ్ నిలవదు. వెనక యాక్సిల్‌లో క్రౌనూ పినియనూ అంతే. రెంటినీ కలిపి తిప్పి పళ్లు కూర్చినవి కాబట్టి ఒక్కదాన్ని మార్చితే అరుపు మొదలవుతుంది. కనెక్టింగ్ రాడ్ల టోపీలు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే. ముందు చక్రాల టార్షన్ బార్లు కూడా కుడిది ఎడమకి వేయకూడదు. ఏళ్ల తరబడి ఒకే వైపు మెలితిరిగి వాటి గుణం కుదురుకుని ఉంటుంది. విప్పేటప్పుడే సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టే మెకానిక్కు దొరికితే మీ అదృష్టం.

బ్లాకు మాత్రం ప్రాణం. బోరు చేయించిన కొద్దీ సిలిండర్ పెద్దదై గోడ పలచబడుతుంది, ఒక హద్దు దాటాక కుదరదు. అప్పుడు బ్లాకు పారేయనక్కర్లేదు. లోపల స్లీవులు దించి మళ్లీ స్టాండర్డ్ సైజుకి తేవచ్చు. నంబరున్న బ్లాకు అలాగే ఉంటుంది. డైనమో, మెకానిక్కులు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్ వంటి లూకాస్ కంపెనీ భాగాల ఒంటి మీద పార్టు నంబరుతోపాటు తయారైన నెల, సంవత్సరం ముద్ర ఉండేది. సాండ్ పేపర్‌తో రుద్ది మెరిపించే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

దాచడంలోనూ పని ఉంది. డీజిల్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, గ్రీజు పూసి, నూనె కాగితంలో చుట్టి, ఎప్పుడు ఎందుకు తీశారో చీటీ రాసి కట్టాలి. తేమతో ఉన్నదాన్ని పాలిథిన్‌లో మూటగడితే లోపలే తుప్పు పడుతుంది. రబ్బరు సామాను ఎండ తగలని చోట, పౌడరు చల్లి ఉంచాలి.

కానీ రబ్బరు సామాను దాచడానికే, బిగించడానికి కాదు. బ్రేకు కప్పులు, హోసులు, పెట్రోలు గొట్టాలు, వైరింగ్ కొత్తవే వేయండి. పాత బ్రేకు హోసు మీద మమకారంతో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేవాళ్లంటే నాకు కోపం. మాస్టర్ సిలిండర్ బాడీని స్లీవు వేసి నిలుపుకోవచ్చు, లోపలి సీళ్లు మాత్రం కొత్తవే ఉండాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంజన్ల కథ. డీజిల్ చవగ్గా దొరికిన రోజుల్లో ఎందరో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ దించేసి మెటడార్ డీజిల్ ఇంజన్ వేయించారు. కిరాయి బండితో ఇల్లు గడవాలి, వాళ్లని తప్పుపట్టలేను. దించిన ఇంజన్ను తూకానికి అమ్మకుండా ఒక మూల పెట్టినవాళ్లకి ఇప్పుడు దాని విలువ తెలుస్తోంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వి.ఎ. అక్షరాల నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడుకీ కిరాయికీ అనుమతి లేదు. 1970కి ముందు రోడ్డెక్కిన అంబాసిడర్లన్నీ వయసు లెక్కలో ఇప్పటికే అర్హతకి వచ్చేశాయి.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అది తిరిగింది కొన్ని వందల మైళ్లే, దాన్ని అసలు రూపంలో చూడటంలో వింత లేదు. టెక్కలి రోడ్డు మీద లక్షల కిలోమీటర్లు తిరిగి, ఉప్పుగాలి తిని, ఇంకా సొంత బ్లాకుతో స్టార్టయ్యే అంబాసిడర్‌కే నేను ఎక్కువ మర్యాద ఇస్తాను. అలాంటి బండి చేతులు మారేటప్పుడు ఆర్‌సీతోపాటు చీటీలు కట్టిన ఆ పార్టుల పెట్టె కూడా కొన్నవాళ్ల డిక్కీలోకి ఎక్కాలి. దానికి వేరే ధర కట్టకండి.