పేరిణి గురువుగారికి

నటరాజ రామకృష్ణగారూ! మీకు మొక్కాలంటే మా తొర్రూరు నుంచే మొదలుపెడతాం. పక్కనే పాలకుర్తి. శివరాత్రి జాగారంలో ఎవరెవరు ఎన్ని తీర్ల ఆడారో పండితారాధ్య చరిత్రలో పూసగుచ్చినట్టు చెప్పిన సోమనాథుడిది ఆ ఊరేనని మా నమ్మకం. చిందు భాగోతం, ఒగ్గుడోలు, బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగు మాకు కొత్తవి కావు. పేరిణి మాత్రం మా కాళ్ళ నుంచి ఎప్పుడో జారిపోయింది. రామప్ప గుడిలో రాయిగా మిగిలింది.

మీరు పుట్టింది ఎక్కడో బాలి ద్వీపంలో, 1923లో. మీనాక్షీసుందరం పిళ్ళై దగ్గర భరతనాట్యం, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి దగ్గర కూచిపూడి, నాయుడుపేట రాజమ్మ దగ్గర గుడి ఆట నేర్చారు. అక్కడితో ఆగినా మంచి నర్తకుడన్న పేరు మీకు ఉండేది. 1947లో మద్రాసు చట్టం దేవదాసీ ఆచారాన్ని మాన్పించింది. మాన్పించాల్సిందే. కానీ ఆచారంతో పాటు విద్యకూ గుడి తలుపు మూతపడింది. అవమానంతో గజ్జెలు దాచుకున్న కళావంతుల గడపల్లో మీరు శిష్యుడై కూర్చున్నారు. వాళ్ళ అడుగూ అభినయమూ నేర్చి, ఆంధ్రనాట్యమని పేరు పెట్టి వేదిక ఎక్కించారు.

ఇక పేరిణి. రేచర్ల రుద్రుడి రామప్ప గుడి 1213 నాటిది. గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని నృత్తరత్నావళి రాసింది 1253-54లో. మీకు దొరికిన ఆధారాలు ఆ రాయీ, ఆ పుస్తకమే. రాయి భంగిమను చూపిస్తుంది. ఎత్తిన కాలు ఎంత బరువుతో దిగిందో, ఏ దరువుకు నడుము తిరిగిందో, ఈ శిల్పం నుంచి పక్క శిల్పానికి ఒళ్ళు ఎలా చేరిందో ఏ స్తంభమూ చెప్పదు. శ్లోకం లక్షణం చెప్పి ఊరుకుంటుంది. ఏడు వందల ఏళ్ళ ఆ ఖాళీని మీరు మీ ఒంటితో పూడ్చారు. పునరుద్ధరణ అని మేం సులువుగా అనేస్తాం గానీ ఆ మాట మీకు చాలదు. జాయప చూసిన పేరిణి అచ్చం ఇదేనని ఎవరు ప్రమాణం చేయగలరు? ఇందులో కాకతీయులది ఎంతో, మీదీ అంత. నన్నడిగితే మీ గొప్ప అక్కడే ఉంది.

1985 శివరాత్రికి రామప్ప ముందర మృదంగం మోగి, మగపిల్లల పాదాలు ఒక్కసారిగా నేలను తన్నాయి. చెక్కిన నర్తకుల ఎదుటే ఆడే నర్తకులు!

నర్తకుడి ఆట మోకాళ్ళు సహకరించినన్నాళ్ళే. కూర్చిన ఆటకు శిష్యుల కాళ్ళు కావాలి. అది తెలిసే హైదరాబాదులో నృత్యనికేతన్ పెట్టారు. మీ శిష్యుడు కళాకృష్ణ సత్యభామగా జడ వేసుకుని నవజనార్దనం ఆడితే, మగవాడని మరిచిపోయి చూశాం. 1992లో మీకు పద్మశ్రీ వచ్చింది. 2011 జూన్ 7న వెళ్ళిపోయారు. మరో పదేళ్ళకు రామప్ప యునెస్కో జాబితాలో చేరింది.

తొర్రూరు అమ్మలారా, అయ్యలారా! మీ పిల్లవాడు పేరిణి నేర్చుకుంటానంటే ‘అదేం బతుకుదెరువురా’ అని కసరకండి. ఒకసారి రామప్పకు తీసుకెళ్ళి చూపించండి, తర్వాత మంచి గురువును వెతికి అప్పజెప్పండి. ఆడపిల్ల అడిగినా అంతే.