ఒకే దిక్కుకు చూసే పూలు

మాత్ ఆర్కిడ్ కుండీ ఎదురైతే అందరి చూపూ పూల మీదికే పోతుంది. నేను ముందు కాడను చూస్తాను. పెంచినవాళ్ళ చేతి పనంతా అక్కడే కనిపిస్తుంది. కాడ సన్నటి పుల్లకు ఆనుకుని నిటారుగా లేచి, కొస దగ్గర మెల్లగా వంగుతుంది. దానికి అటొకటి ఇటొకటిగా పూలు. ముందు విచ్చినవి కింద, మొగ్గలు చివరన, అన్నిటి ముఖమూ ఒకే వైపు. ఈ వరస దానంతటదే రాదు. కాడ లేతగా ఉన్నప్పుడే పుల్లకు క్లిప్పులు పెట్టి దారి చూపాలి, ముదిరాక వంచబోతే పుటుక్కున విరుగుతుంది. మొగ్గ విచ్చుకునే ముందు తన తొడిమ మీద తానే సగం చుట్టు తిరిగి, పెదవిలాంటి రేకును కిందికి తెచ్చుకుంటుంది. వెలుగు వచ్చే దిక్కును బట్టి నిలుస్తుంది. ఆ రోజుల్లో కుండీని ఇటూ అటూ తిప్పితే ఒక్కో పువ్వు ఒక్కో దిక్కు చూస్తుంది. నర్సరీ మొక్కలో వరస చెదరలేదంటే, మొగ్గలు వచ్చింది మొదలు దాన్ని ఎవరూ కదపలేదన్నమాట.

అసలు ఆ కాడ పుట్టించడమే పెద్ద విద్య. పగటి వేడి 28 డిగ్రీలు దాటి ఉన్నన్నాళ్ళూ ఈ మొక్క ఆకులు వేస్తూనే ఉంటుంది, పూతకు రాదు. కొన్ని వారాలపాటు అంతకంటే చల్లగా ఉంటేనే ఆకు మొదట్లోంచి కాడ పొడుచుకొస్తుంది. తైవాన్ రైతులు వేసవిలో మొక్కలను కొండమీది చల్లటి చోట్లకు చేరవేసి పూత తెప్పించేవారు. హైదరాబాదులో మార్గశిర పుష్య మాసాల చలి ఆ పని ఊరికే చేసిపెడుతుంది. ఆకులు నిగనిగలాడుతున్నా పూత రావడం లేదంటే, ఆ చల్లదనమో తగినంత వెలుతురో అందలేదని అర్థం. కొత్తగా పొడుచుకొస్తున్నది వేరో కాడో తేల్చుకోవాలంటే కొసను చూడాలి. వేరు కొస గుండ్రంగా ఉంటుంది, కాడ కొస కాస్త చదునుగా, పక్కన చిన్న మడతతో ఉంటుంది. తొలి రోజుల్లో రెంటినీ గుర్తుపట్టడం మంచి పెంపకందారుకే సాధ్యం.

ఇక వేరు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అడవుల్లో ఈ మొక్క మట్టిలో కాదు, చెట్టు బెరడును పట్టుకుని బతుకుతుంది. వేరు చుట్టూ మృతకణాలతో తయారైన మెత్తటి పొర ఉంటుంది. వాన పడగానే నీటిని లాగేసుకుంటుంది. ఎండినప్పుడు వెండి రంగులో మెరుస్తుంది, తడవగానే లోపలి పచ్చదనం బయటపడుతుంది. అందుకే దీన్ని పారదర్శకమైన కుండీలో పెడతారు. వారానికి ఇన్నిసార్లు అన్న లెక్క కంటే వేరు రంగు చూసి నీళ్ళు పోసే పద్ధతే నాకు నచ్చుతుంది. ఆకు వడలి ముడతలు పడితే దాహమనుకుని నీళ్ళు గుమ్మరిస్తారు చాలామంది. ముందు వేరును వేళ్ళతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే దాహమే. మెత్తగా నలిగి, పైతొక్క ఊడొచ్చి లోపల దారంలాంటి నార మిగిలితే, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేక ఆకు ఎండుతోందన్నమాట. అప్పుడు నీళ్ళు మరింత హాని చేస్తాయి. కుళ్ళినవన్నీ కోసేసి, బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరి పీచు ముక్కలతో గాలాడేలా కొత్తగా నాటాలి.

చెట్టు మీద ఈ మొక్క పక్కకు వాలి వేలాడుతుంది, ఆకుల మీద పడ్డ వాన జారిపోతుంది. కుండీలో మనం దాన్ని నిటారుగా నిలబెడతాం, నీళ్ళు మొవ్వులో నిలుస్తాయి. మొవ్వు కుళ్ళు ఎంత చేటో కొబ్బరి పెంచేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ ఆర్కిడ్‌కీ పెరిగే చోటు అదొక్కటే. పైనుంచి నీళ్ళు పడితే పొడి గుడ్డతోనో కాగితంతోనో అద్దేయాలి. అడుగు ఆకు ఒక్కటే పండి రాలితే అది వయసు, దిగులు వద్దు. ఆకు అంచులు ఎర్రబారితే ఎండ ఎక్కువైనట్టు, ముదురాకుపచ్చగా సాగి వాలిపోతే వెలుతురు చాలనట్టు. ఆకు అడుగున, కాడ కణుపుల్లో తెల్లటి దూదిలాంటివి కనిపిస్తే పిండినల్లి.

విచ్చకుండానే మొగ్గలు పసుపు తిరిగి రాలడం ఇళ్ళలో తరచూ వినే ఫిర్యాదు. ఏసీ గాలి, పొడిబారిన గది, కొన్నచోటి నుంచి ఇంటికి ప్రయాణం, ఏదైనా కారణం కావచ్చు. పండుతున్న మామిడిపళ్ళ బుట్ట పక్కన పెట్టినా అంతే. పళ్ళు వదిలే ఇథిలీన్ వాయువు మొగ్గను ముసలిదాన్ని చేస్తుంది.

పూలన్నీ రాలాక కాడ ఇంకా పచ్చగా ఉంటే, కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోస్తే పక్క కొమ్మ వేసి మళ్ళీ కొన్ని పూలు ఇవ్వొచ్చు. ఆకులు రెండు మూడే ఉన్న బలహీనమైన మొక్కకు మాత్రం ఆ ఆశ పెట్టుకోకుండా కాడను మొదటికంటా తీసేయడమే మేలు. కొత్త ఆకులూ వేళ్ళూ వేసుకున్నాకే అది నిండు కాడ ఎత్తగలదు.