మంచుదారిపై చక్రము: ఘర్షణ పాఠమునకొక పరీక్ష

"ఘర్షణ బలము స్పర్శ వైశాల్యముపై ఆధారపడదు." ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ వాక్యమును కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి మార్కులు పొందును. ఫ్రాన్సు దేశస్థుడు అమొంతో 1699లో వెల్లడించిన ఈ సూత్రము బల్లపై జరుగు చెక్కదిమ్మకు చక్కగా వర్తించును. కాని నందిగామ పిల్లవాడొకడు లేచి, "అట్లయిన టైర్లను వెడల్పుగా ఎందుకు చేయుదురండీ?" అని అడిగినచో పాఠములో జవాబు దొరకదు. లోపము సూత్రములో లేదు. దాని హద్దులు చెప్పకయే పాఠమును ముగించుటలో ఉన్నది.

ఇది మార్కులతో పోవు లోపము కాదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల (2022 నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి) యువకులు చదువులకు, ఉద్యోగములకు చికాగో, మినియాపొలిస్, టొరంటో వంటి మంచుసీమలకు పోవుచున్నారు. అక్కడ ఎస్.యు.వి. బండి కొని, అది బరువైనదనియు, నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందుననియు ధైర్యము తెచ్చుకొందురు. ఆ శక్తి బండిని కదల్చుటకు సాయపడును గాని ఆపుటకు కాదు. బ్రేకులు నాలుగు చక్రములకును ప్రతి కారులోను ఉన్నవే గదా! ఇక బరువు సంగతి: ఆగు దూరపు లెక్కలో ద్రవ్యరాశి కొట్టివేయబడును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు బండి, ఘర్షణ గుణకము 0.7 ఉన్న పొడి రోడ్డుపై సుమారు 14 మీటర్లలో ఆగును. గుణకము 0.2 ఉన్న గట్టిమంచుపై 49 మీటర్లు, 0.1 ఉన్న నీటిగడ్డపై 98 మీటర్లు కావలెను. ఈ లెక్కను తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగలడు, ఎవరును చేయించరు.

"మంచుకు సన్నని టైరే మేలు" అను సలహా తరచు వినబడును. ఇది సగము నిజము. నల్లరేగడి నెరిగినవారికి మిగిలిన సగము చెప్పుట కష్టము కాదు. గట్టి బాటపై పలుచని బురద ఉన్నపుడు సన్నని చక్రము దానిని చీల్చి అడుగును అందుకొనును. అదే చక్రము వాన వెలిసిన పత్తిచేనిలో ఇరుసు వరకు దిగబడును. మంచును అంతే. నగరపు వీథిలో పలుచని మెత్తని మంచు ఉన్నపుడు సన్నని టైరు ముందు త్రోయవలసిన మంచు తక్కువ. ఐస్‌లాండు హిమానీనదములపై అడుగు దొరకదు; అందుచే అక్కడ మిక్కిలి వెడల్పు టైర్లలో గాలి బాగా తగ్గించి, మంచుపై తేలునట్లు నడుపుదురు. స్పర్శ వైశాల్యము ఇంచుమించు బరువును గాలిపీడనముతో భాగించిన ఫలము గనుక గాలి తగ్గినకొలది అడుగు విస్తరించును.

అంగడివారు పెద్ద రిమ్మును సొగసుగా చూపుదురు. కొలతలను చూడుడు. 235/65 ఆర్ 17 టైరు వ్యాసము 737 మిల్లీమీటర్లు. 235/55 ఆర్ 19 టైరుది 741. చక్రము ఎత్తు పెరుగనే లేదు! పెరిగినది లోహము, తగ్గినది రబ్బరు. మొదటిదాని ప్రక్కగోడ 153 మిల్లీమీటర్లు, రెండవదానిది 129. మంచు క్రింద దాగిన గుంటలో పడినపుడు ఆ తేడా తెలియును. బ్రేకు పరికరము ఇముడునంతవరకు చిన్న రిమ్మును ఎన్నుకొనుటయే శీతకాలమునకు తగినది.

అయినను పరిమాణముకంటె పదార్థము ముఖ్యము. రబ్బరు చెక్క వంటిది కాదు. మెత్తగా రోడ్డు గరుకులోనికి ఇమిడి పట్టు సంపాదించును. అమొంతో సూత్రము తడబడునది ఇక్కడనే. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియసుకు దిగువను బిరుసెక్కును. చలిలోను మెత్తగా నుండు రబ్బరుతో, మంచును పట్టుకొను సన్నని చీలికలతో శీతకాలపు టైర్లు వచ్చినవి. ఫిన్లాండులో 1934లోనే లారీలకు ఇట్టి ప్రత్యేకపు టైరు చేసిరి. టైరుపై ఎం, ఎస్ అక్షరములుండుట చాలదు. అది గాడుల తీరును మాత్రమే సూచించును. మూడు శిఖరముల కొండ, అందులో మంచురేకు గల గుర్తు మంచుపై పరీక్షకు నిలిచిన టైరుకే లభించును.

ఉపాధ్యాయుడు వాయు నియమముల పాఠములో ఇచ్చుటకు ఇంకొక లెక్క ఉన్నది. 20 డిగ్రీల వెచ్చని గదిలో టైరుకు 35 పౌండ్ల గాలి పట్టి, బండిని మైనస్ 20 డిగ్రీల చలిలోనికి తీసికొనిపోయిన గేజి 28 మాత్రమే చూపును. గేజి చూపు పీడనమునకు వాతావరణ పీడనము 14.7 కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్లలోనికి మార్చి లెక్కించవలెను. కలుపుట మరచిన విద్యార్థికి 30 వచ్చును.