తెలిసినా చెప్పని రహస్యం

ఆగ్నేయ నైజీరియాలో ఇగ్బో ప్రజలు ఆడించే 'మ్మన్వు' గురించి తెలుగులో రాయబోతే చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. వేషం అందామంటే, దాని వెనక ఫలానా మనిషి ఉన్నాడని మనం ముందే ఒప్పుకుంటాం. ఎవరు కట్టారో చెప్పుకుని మరీ మెచ్చుకుంటాం. పూనకం అందామంటే, అక్కడ ముఖం మనకు తెలిసినవాళ్లదే, మాట మాత్రం వేరొకరిది. మ్మన్వు ఈ రెండింటిలో ఏదీ కాదు. చనిపోయిన పెద్దలు చీమల పుట్ట బొరియల్లోంచి పైకి వచ్చి ఊళ్లో తిరుగుతున్నారన్నది అక్కడి లెక్క. లోపల మనిషి లేడు. ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి ఊరంతా కలిసి పడే పాటే ఈ సంప్రదాయంలోని అసలు విద్య అని నా అభిప్రాయం. మ్యూజియం అద్దాల పెట్టెల్లో కనిపించే కొయ్య ముఖం అందులో ఒక ముక్క మాత్రమే. పండుగల పేరుతో పర్యాటకం పెంచాలనుకునేవాళ్లు ఆ ముక్కనే మొత్తమనుకుంటే, చివరికి అమ్మడానికి వాళ్ల దగ్గర మిగిలేది ఆ ముక్కే.

మనిషిని మాయం చేయడానికి వాళ్ల దగ్గర ఎన్ని దారులున్నాయో చూడండి. 'అగ్బొఘో మ్మువొ' అంటే కన్యల ఆత్మలు. సన్నటి తెల్లటి ముఖం, చిన్న నోరు, పాతకాలపు జడల తీరును గుర్తుచేసే ఎత్తయిన కొప్పు, ఒంటికి అతుక్కునే రంగురంగుల కుట్టుపని దుస్తులు. ఆడేది మాత్రం మగవాళ్లే. దానికి పూర్తిగా ఎదురు నిలిచేది 'మ్గ్బెదికె': నల్లటి భారీ ముఖం, కొమ్ములు, పళ్లు, మొరటు నడక. 'ఇజాగా' మనిషి కొలతనే చెరిపేసి ఆకాశానికి సాగుతుంది. రాత్రిపూట తిరిగేవాటికైతే రూపమే ఉండదు. తలుపులు మూసుకున్న ఇళ్లకు గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఆ గొంతు కూడా మనిషిది కాకూడదు కాబట్టి దాన్నీ మార్చుకుంటారు. పక్కనే 'ఒజా' అనే చిన్న కొయ్య పిల్లనగ్రోవి మ్మన్వును పేరు పెట్టి పిలుస్తుంది, పొగుడుతుంది, ఎటు కదలాలో చెబుతుంది. ఇగ్బో భాషలో మాటకు శ్రుతి ప్రాణం కనుక, ఆ పలుకులు తెలిసినవాళ్ల చెవికి వేణువు పాడినట్టు కాక మాట్లాడినట్టే ఉంటుంది.

వీటన్నిటికీ మీదిది అనంబ్రా రాష్ట్రపు 'ఇజెలె'. యునెస్కో 2009లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది దీన్నే. ఎత్తు సుమారు 4 మీటర్లు. వెదురు చట్రం మీద గుడ్డ కప్పి, నడుమ పెద్ద కొండచిలువను చుట్టి, దాని పైనా కిందా ఊరి బతుకంతా బొమ్మలుగా పేరుస్తారు. దుస్తులు సిద్ధం చేసి, దాన్ని ఉంచడానికి ఆరుబయట ఒక ఇల్లు కట్టేసరికి 100 మందికి 6 నెలలు పడుతుందట. మోసేవాళ్లను చీటీలు వేసి ఎంచుతారు. వాళ్లు 3 నెలలు విడిగా ఉండి, ప్రత్యేకమైన తిండి తిని బలం కూడగట్టుకుంటారు. మిగతా మ్మన్వులన్నీ ఆడాకే ఇజెలె బయటికి వస్తుంది. అంటే చూసేవాడికి దక్కే కాసేపటి ఆట వెనక ఒక ఊరి అర్ధ సంవత్సరం ఉంది. టికెట్టు ధర కట్టేవాళ్లకు ఈ లెక్క తట్టదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. వంద మంది కట్టిన దానిలో మనిషి ఉన్నాడని ఊళ్లో ఎవరికి తెలియదు? దీనికి చినువా అచెబె 1958 నాటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో మంచి ఆధారం ఉంది. తగవు తీర్చడానికి తొమ్మిది మంది 'ఎగ్వుగ్వు'లు, అంటే ముసుగుల్లో వచ్చే పెద్దల ఆత్మలు, కూర్చుంటారు. వారిలో ఒకరి నడక కథానాయకుడు ఒకొంక్వో నడకలా ఉందని అతని భార్యలు గమనించే ఉండవచ్చు, గమనించినా ఆ మాట తమలోనే దాచుకుంటారు. మ్మన్వు రహస్యం తెలియకపోవడంలో లేదు, తెలిసీ అనకపోవడంలో ఉంది. అదే నవలలో ఎనక్ అనే కొత్త క్రైస్తవుడు ఒక ఎగ్వుగ్వు ముసుగు తీసేస్తే ఊరు అతని ఇంటినీ చర్చినీ నేలమట్టం చేస్తుంది. అతను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అందరూ కలిసి నిలిపిన మాటను తెంచాడు, అంతే.

చూసేవాళ్లు ఇలా ఆటలో సగం కాబట్టే, మ్మన్వును ఒకేచోట నిలబడి చూడకూడదని ఇగ్బోల సామెత. అది తరుముతుంది, వీళ్లు పరుగెడతారు. ఆగుతుంది, మళ్లీ దగ్గరికి చేరతారు. 1986లో అప్పటి అనంబ్రా రాష్ట్ర ప్రభుత్వం మ్మన్వు పండుగ మొదలుపెట్టి ఊరూరి మ్మన్వులను ఒకచోట చేర్చినప్పుడు దెబ్బ తిన్నది ఈ కదలికే. గ్యాలరీలో కుర్చీ వేసి కూర్చోబెడితే పరుగెత్తేదెవరు? ప్రభుత్వ పండుగను కొట్టిపారేయనక్కరలేదు. ఒక ఊరి పనితనాన్ని మరో ఊరు చూసింది, పోటీ పెరిగింది, గౌరవం దక్కింది. అయితే న్సుక్కా ప్రాంతంలో రెండేళ్లకోసారి వచ్చి నెలల తరబడి ఊళ్లో ఉండిపోయే 'ఓడో'ను ఏ స్టేడియంలో, ఏ మధ్యాహ్నం పట్టించగలం? పర్యాటకుడే ఊరి క్యాలెండరుకు తలవంచాలి. మే నెలలో ఆవ్కాలో జరిగే ఇమో ఆవ్కా, ఏప్రిల్ ప్రాంతంలో అరొందిజువొగులో నాలుగు రోజుల ఇకెజి, ఈ రెండు పండుగలూ తమ చోట తమ వేళకు జరుగుతూనే జనాన్ని రప్పించుకుంటున్నాయి.

ఇగ్బోలలో అత్యధికులు క్రైస్తవులు; ఇది విగ్రహారాధన అనే బోధకుల మాట అక్కడ తేలిగ్గా తీసేయదగింది కాదు. కానీ లాగోస్ నుంచి, విదేశాల నుంచి జనం ఇళ్లు చేరే క్రిస్మస్ రోజుల్లోనే చాలా ఊళ్లలో మ్మన్వులు బయటికి వస్తున్నాయి. బోధకుడు గీసిన గీతను జనం తమ వీలుకొద్దీ జరుపుకున్నారనే అనుకోవాలి. అసలు ఈ పండుగలకు మొదటి పర్యాటకులు కూడా వీళ్లే. సెలవులకు వచ్చిన బిడ్డ బట్టలకూ వాద్యాలకూ డబ్బిస్తాడు, ఒజా పలుకు తన పిల్లలకు విడమరిచి చెబుతాడు. హోటళ్లు కట్టే పథకాలు ముందు అతన్ని లెక్కలోకి తీసుకుంటే బాగుండేది.

కొన్ని మ్మన్వులు కొట్టే కొరడా దెబ్బల సంగతి వేరు. దారినపోయేవాళ్లను కొట్టడం సంప్రదాయం అనేవాళ్లు సంప్రదాయాన్నే చదవలేదు. ఇజెలె చుట్టూ ఆరుగురు కాపలావాళ్లు ఉంటారు. హద్దు పెట్టుకోవడం ఈ కళకు బయటినుంచి నేర్పాల్సిన పని కాదు. ఆడవాళ్లను రహస్యానికి వెలుపల ఉంచడం మీది అభ్యంతరానికి మాత్రం నా దగ్గర అంత సులువైన జవాబు లేదు. తెలిసీ అనకపోవడం అందరి ఒప్పందమే అన్నాను. ఆ ఒప్పందంలో నోరు మూసుకునే వంతు ఎక్కువగా ఆడవాళ్లకే పడింది. కన్య ముఖం కూడా మగవాడి తల మీదే ఉంది. వయసు మళ్లిన కొందరు స్త్రీలకు రహస్యంలో ప్రవేశం ఇచ్చిన ఊళ్లున్నాయి, ఇజెలె పాటలకు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడతారు. ఆ తలుపు ఇంకెంత తెరవాలో తేల్చుకోవలసింది ఇజెలె కోసం ఆరు నెలలు ఇల్లు కట్టే ఊరివాళ్లు, ఆ ఇంటి బయట నిలబడ్డ వాళ్ల ఆడపడుచులు.