పుల్లబొమ్మలు, ఏనుగు విమానం

ప్రాథమిక బడుల్లో ఇప్పుడు బొమ్మలకు కొదవ లేదు. ఏ తరగతి గదిలోకి వెళ్ళినా గోడల నిండా చార్టులు, తాడుకు వేలాడే రంగు కాగితాల పూలు, ఐస్‌క్రీం పుల్లల ఇళ్ళు, థర్మాకోల్ గుడిసెలు కనిపిస్తాయి. ముప్పై చార్టులు ఉంటాయి గాని వాటిలో ముప్పై మంది పిల్లలు కనిపించరు. అవే రెండు కొండలు, వాటి మధ్య అదే సూర్యుడు, పక్కన అదే కొబ్బరిచెట్టు. గూడెం నుంచి వచ్చిన పిల్లవాడు కూడా తన ఊళ్ళో ఎన్నడూ చూడని కొబ్బరిచెట్టునే గీస్తాడు. ఇప్పచెట్టు గీస్తే "ఇదేం చెట్టు?" అంటారని వాడికి రెండో తరగతిలోనే తెలిసిపోతుంది.

పిల్లల సృజన పేరుతో జరుగుతున్న ఈ పనిని ఆదివాసీ ఉపాధ్యాయులుగా మేము ప్రశ్నించదలచుకున్నాం. బొమ్మలు వద్దని కాదు, ఇవి పిల్లల బొమ్మలు కావని మా అభ్యంతరం.

అత్తాపూర్‌నే తీసుకుందాం. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చింది. అక్కడికి కార్లు తొందరగా చేరాలని మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు. అది 2009లో తెరిచారు. అత్తాపూర్ మీదుగా పోయే ఆ వంతెనకు వందలాది స్తంభాలు, ప్రతి స్తంభానికీ ఒక నంబరు. ఇక్కడ ఎవరిని అడ్రసు అడిగినా ముందు పిల్లర్ నంబరే చెబుతారు. పని కోసం ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళు చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటారు. ఇళ్ళు కట్టే కూలీలు, వాచ్‌మన్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. పాలమూరు తండాల నుంచి, ఆదిలాబాద్, భద్రాచలం వైపు గూడేల నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో భాష.

ఇలాంటి తరగతిలో 'రవాణా సాధనాలు' పాఠం వస్తుంది. ప్రాజెక్టు పని ఏమిటి? స్టేషనరీ షాపులో బస్సు, రైలు, ఓడ, విమానం బొమ్మలు అచ్చువేసిన కాగితం దొరుకుతుంది. కొనుక్కొచ్చి, కత్తిరించి, చార్టు మీద అంటించి, కింద పేర్లు రాయాలి. వంకర లేకుండా అంటించినవాళ్ళకు మంచి మార్కులు. కాగితం కొనలేని పిల్ల ఆ రోజు బడికే రాదు. తలమీద నుంచి విమానాశ్రయం కార్లు పోతుండగా వంతెన కింద ఆడుకునే పిల్ల, విమానం గురించి తనకేమనిపిస్తుందో ఎవరికీ చెప్పకుండానే ఆ పాఠం ముగిసిపోతుంది.

ఇదే విమానాన్ని ఒక ఆదివాసీ ఎలా చూశాడో చూడండి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండు కథలు పాడే ప్రధానులున్నారు కదా, అక్కడ బానా వాయిస్తూ పాడే ప్రధానుల కుటుంబంలో పుట్టినవారు. లండన్‌లో ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేసే పని వచ్చి అక్కడికి వెళ్ళారు. తిరిగొచ్చాక తాను చూసిన లండన్‌ను బొమ్మలుగా వేస్తే, చెన్నైలోని తారా బుక్స్ 2004లో 'ది లండన్ జంగిల్ బుక్' పేరుతో అచ్చువేసింది. అందులో విమానం రెక్కలున్న ఏనుగు. అంత బరువైనది గాలిలోకి లేవడమంటే ఏనుగు ఎగరడమే కదా! నేల కింద నడిచే రైలు వానపాము. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు, ఎందుకంటే గోండులకు పొద్దు చెప్పేది కోడి. రోజూ తప్పకుండా వచ్చి తీసుకుపోయే బస్సు నమ్మకమైన కుక్క. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఆదివాసీ కళ అంటే అడవినీ జింకలనీ గీయడమేనని అనుకునేవాళ్ళకు ఈ పుస్తకమే జవాబు. తెలియని లోకం ఎదురైనప్పుడు తనకు తెలిసిన లోకంతో దాన్ని పోల్చి అర్థం చేసుకునే తెలివి అది. ఊరు విడిచి అత్తాపూర్ చేరిన మన పిల్లలకు కావలసిన తెలివి కూడా అదే. రోజూ వాళ్ళకు కొత్త లోకమే ఎదురవుతోంది. బడి మాత్రం దాన్ని కత్తిరించి అంటించమంటోంది.

మన కళ బడికి రావడం లేదా అంటే, వస్తోంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి గోడ మీద తెల్లటి పుల్లబొమ్మలు వెలుస్తాయి. కింద 'ట్రైబల్ ఆర్ట్' అని రాస్తారు. అది మహారాష్ట్రలోని వర్లీల కళ అని పిల్లలకు చెప్పేవారు తక్కువ. పెళ్ళి ఇంట్లో ముత్తైదువలు బియ్యప్పిండి నీళ్ళతో మట్టిగోడ మీద వేసే చిత్రమది. దాన్ని లోకానికి తెలియజేసిన జీవ్యా సోమా మషేకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో ఆయన చనిపోయారు. ఆ పేరూ, ఆ పెళ్ళీ, ఆ ఆడవాళ్ళ చేతులూ పోయి, రెండు త్రికోణాలూ నాలుగు గీతలూ మిగిలాయి. మన కోయల పడిగె గురించి ఏ చార్టులోనైనా ఉందా? పడిగె విప్పితే ప్రతి బొమ్మకూ కథ ఉంటుంది. ఆ బొమ్మలు చూపుతూ డోలీలు ఇలవేల్పుల చరిత్ర పాడతారు. అది చేతితో చేసిన పాఠ్యపుస్తకం. దండారిలో గుస్సాడీల నెమలీకల టోపీ, ఉషేగాంలో మైనపు అచ్చుతో పోసే ఇత్తడి బొమ్మలు, ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయి.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. రేపు వర్లీ బదులు గోండు చుక్కలనో పడిగె బొమ్మలనో నకలు వేయించి మార్కులు వేస్తే రోగం మారదు, మందు పేరు మారుతుంది, అంతే. భజ్జూ శ్యామ్ నుంచి పిల్లలు నేర్చుకోవలసింది ఆయన గీతను కాదు, "ఇది నాకు దేనిలా కనిపించింది?" అన్న ప్రశ్నను.

ఉపాధ్యాయుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. మేమూ ఆ కుర్చీలోనే కూర్చున్నాం. విద్యాహక్కు చట్టం 2009లో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి ఇవ్వాలని ఉన్నది 6 నుంచి 8 తరగతులకే. అదీ పిల్లలు వంద దాటిన బడులకే. 1 నుంచి 5 దాకా ఆ బరువంతా తరగతి టీచరుదే. కళలు, సాంస్కృతిక విద్యకు రిజిస్టరులో గ్రేడు వేయాలి, ఆ పీరియడ్‌ను మాత్రం లెక్కలు మింగేస్తాయి. తనిఖీకి వచ్చినవారు చూసేది గోడనే. అందుకే గోడ నింపే పని సులువైంది. "నమూనా ఇవ్వకపోతే పిల్లలు ఏమీ గీయరు" అని కొందరు మిత్రులు అంటారు. మొదటి వారం నిజంగానే గీయరు. పక్కవాడి కాగితం చూస్తారు, "సార్, ఏం గీయాలి?" అని పదిసార్లు అడుగుతారు. తప్పవుతుందన్న భయం బడి నేర్పిందే కాబట్టి, దాన్ని పోగొట్టాల్సిందీ బడే.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. వారానికి ఒక్క పీరియడ్ నమూనా లేకుండా గీయనివ్వాలి. అత్తాపూర్‌లో ఇటుక ముక్కలకు కొరత లేదు, బొగ్గు, సుద్ద, జాజు ఎక్కడైనా దొరుకుతాయి, నేలే చార్టు. గీసినదాని గురించి పిల్ల ఏం చెబుతుందో అడగాలి. గోండిలోనో, కోయలోనో, లంబాడీలోనో చెప్పినా ఆ మాటను తెలుగు లిపిలో బొమ్మ కిందే రాసిపెట్టాలి. అదే ఆ వారం చదువు పాఠం అవుతుంది. మార్కు వేయాల్సి వస్తే శుభ్రానికి కాదు, ఆ మాటకు వేయాలి. ఆదివాసీ కళ ఏది చూపినా ఎవరిది, ఏ ఊరిది, ఎప్పుడు వేస్తారు అన్న మూడు సంగతులు చెప్పాలి. వాటిని చెప్పగల అమ్మమ్మ ఏ పిల్ల ఇంట్లోనైనా ఉంటే బడికి పిలవాలి.

1940ల్లోనే హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు యువకులను పంతుళ్ళుగా తయారు చేసి, గోండి వాచకాలతో చదువు చెప్పించారు. మన భాష పుస్తకానికి ఎక్కుతుందని అప్పుడే రుజువైంది. మన చూపు కూడా ఎక్కాలి. డి.ఇడి. చేస్తున్న మన యువత రేపు తరగతి గదిలో అడుగుపెట్టినప్పుడు గోడ నింపమనే ఒత్తిడి మొదటి నెలలోనే వస్తుంది. అప్పుడు కొంత గోడను పిల్లలకే వదిలిపెట్టండి. పిల్లరును ఇప్పచెట్టని ఎవరైనా గీస్తే దిద్దకండి. ఎందుకో అడగండి.