గిటారుకు ఆయుష్షు పోసే చేతులు

గిటారు కొనడం, కొన్నాళ్లకు అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవడం వాయిద్యకారులకు మామూలే. జీవితాంతం ఒక్కదాన్నే ఉంచుకోవాలంటే మాత్రం మరమ్మతు తెలిసిన మంచి పనివాడు దొరకాలి. అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్‌కు అలాంటివాడే దొరికాడు.

నెల్సన్ గిటారు పేరు ట్రిగ్గర్. పాతది పాడైపోతే 1969లో 750 డాలర్లకు కొన్న మార్టిన్ కంపెనీ ఎన్-20 మోడల్ అది. నైలాన్ తీగలది, వేళ్లతో మీటేందుకు చేసింది. అందుకే ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ల) గీతల నుంచి పైపలకను కాపాడే రక్షణ పట్టీ దీనికి ఉండదు. కానీ నెల్సన్ వాయించేది ప్లెక్ట్రమ్‌తోనే. ఏళ్ల తరబడి గీసుకుని స్ప్రూస్ పలక అరిగిపోయింది, నాదరంధ్రం పక్కన పెద్ద చిల్లే పడింది.

అమెరికాలోని ఆస్టిన్‌లో గిటార్ల పనివాడు మార్క్ ఎర్ల్‌వైన్ దశాబ్దాలుగా దాని బాగోగులు చూస్తున్నాడు. లోపలి బద్దలను గట్టిపరుస్తాడు, అరిగిన చోట లక్కర్ పూత వేస్తాడు, చిల్లును మాత్రం అలాగే ఉంచేశాడు. దాన్ని మూస్తే నాదం మారిపోవచ్చు. ఎంతవరకు చేయాలో, ఎక్కడ చేయి ఆపాలో తెలియడమే ఈ వృత్తిలో అసలు నేర్పు. వేదిక మీద మోగే చప్పట్లలో ఆ పనివాడికీ సగం వాటా ఉంది. మనస్ఫూర్తిగా ఇవ్వాల్సిన వాటా అది.