పొగ రాని చుట్ట

అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో మా వంటింటి గట్టు మీద కొత్త పీనట్ బటర్ సీసా. మూత తిప్పితే లోపల వెండిరేకు. బొటనవేలితో కొడితే చిట్టి డప్పులా మోగింది. అంచు పట్టి లాగితే సర్రున ఊడొచ్చింది. సీసా మూతి చుట్టూ తెల్లటి గీత ఒకటి మిగిలింది. ఊరినుంచి వచ్చిన అమ్మ ఆ రేకును కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "వీళ్ళూ వాసెన కడతార్రా!" అంది.

అమ్మ కట్టే వాసెన నాకు తెలుసు. ఆవకాయ జాడీ మూతికి ఉతికి ఆరేసిన పాత పంచె గుడ్డ, దాని చుట్టూ బిగించిన పురికొస, మీద ముడి. ఈ సీసాకు వాసెన కట్టిన చెయ్యి మాత్రం సీసాను తాకనే లేదు. మూత బిగించాకే లోపలున్న రేకు వేడెక్కింది. మూతకు సెగ తగల్లేదు. సీసా కరగలేదు. లోపలి ముద్దకు సంగతే తెలీదు.

ఆ చెయ్యి నీది, రాగిచుట్టా! మా తాత కాల్చిన చుట్టకు నిప్పుంది, పొగుంది, మా నానమ్మ తిట్లున్నాయి. నీకు ఆ మూడూ లేవు. పొగ రాని చుట్టవి నువ్వు. ఈ నాలుగు మాటలూ నీకే.

నీలో కరెంటు సెకనుకు వేలసార్లు, ఒక్కోచోట లక్షలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకి నీ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, పోతుంది, మళ్ళీ పుడుతుంది. దాని దారిలో లోహం ఉంటే చాలు, వరద గోదారిలో లేచినట్టు దాని ఒంట్లో కరెంటు సుడులు లేస్తాయి. లోహం వాటికి అడ్డం పడుతుంది. ఆ పెనుగులాటే వేడి. ఎవరో పక్కన మంట పెట్టి కాచిన వేడి కాదది, ఎవరి ఒంట్లో వాళ్ళకు పుట్టిన వేడి.

నీకు మూలపురుషుడు కమ్మరి కొడుకు కావడం నాకెంతో ఇష్టం. లండన్‌లో పుస్తకాలు బైండు చేస్తూ, చేతికందినవన్నీ చదువుతూ ఎదిగిన మైఖేల్ ఫారడే 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి ఇటొక తీగ, అటొక తీగ చుట్టాడు. ఒకదాంట్లో కరెంటు పెట్టినప్పుడు, తీసేసినప్పుడు, దాన్ని అంటీ ముట్టని రెండోదాని దగ్గర పెట్టిన అయస్కాంత సూది కదిలింది. తండ్రి సుత్తితో కదిలించిన ఇనుమును కొడుకు చెయ్యి తగలకుండా కదిలించాడు. ఆగస్టు 29 మనకు గిడుగు వారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అందుకే ఏటా ఆ రోజు నేను ఇద్దరికీ కలిపే దణ్ణం పెట్టుకుంటాను.

మొదట్లో నీ వేడి అందరికీ తలనొప్పే. ట్రాన్స్‌ఫార్మర్ గుండెలో దూరి కరెంటును కాజేసే దొంగ అది. దాన్ని ఆపడానికే లోపలి ఇనుమును దిమ్మలా కాక పల్చటి రేకులుగా పేర్చారు. తర్వాత ఆ దొంగ చేతికే తాళాలిచ్చారు. ఇవాళ వాడే కాపలా కాస్తున్నాడు.

ఎలాగంటే, మూత లోపల అట్ట, మైనం, అల్యూమినియం రేకు, ప్లాస్టిక్ పొర ఒకదాని మీద ఒకటి ఒదిగి ఉంటాయి. బెల్టు మీద సీసాలు బడిపిల్లల్లా వరసకట్టి నీ కిందనుంచి సాగిపోతాయి. ఒకటి రెండు సెకన్లలో రేకు కాగుతుంది. మైనం కరిగి అట్టలోకి ఇంకుతుంది. ప్లాస్టిక్ పొర కరిగి సీసా మూతిని కరుచుకుంటుంది. 1982లో షికాగో చుట్టుపక్కల ఎవరో టైలెనాల్ అనే నొప్పిమందు గొట్టం మాత్రల్లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. ఆ ఏడాదే అమెరికాలో దుకాణాల్లో అమ్మే మందుల డబ్బాలకు, ఎవరైనా ముందే తెరిస్తే తెలిసిపోయే కట్టుదిట్టం తప్పనిసరి చేశారు. అప్పట్నుంచి ఆ పల్చటి రేకు ఒక మాట ఇస్తోంది: నీకంటే ముందు దీన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ మాట విలువ బెంటన్‌విల్‌కు తెలిసినంతగా ఇంకే ఊరికి తెలుస్తుంది? 1950లో సామ్ వాల్టన్ ఈ ఊరి నడిబొడ్డున ఒక చిన్న కొట్టు కొన్నాడు. 1962లో పక్క ఊరు రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. మా బోటి తెలుగువాళ్ళు ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నది ఆ కంపెనీ కంప్యూటర్ల చలవే. తెలియని చేతులు నింపిన సీసాను తెలియని ఊళ్ళో తెలియని మనిషి నమ్మి కొనుక్కుపోవాలి. ఆ నమ్మకాన్ని పలచగా సాగదీసి మూత కింద పరిచావు నువ్వు. ఆ రేకుకు పుట్టిల్లయిన బాక్సైట్ పేరుతోనే ఈ రాష్ట్రంలో ఒక ఊరుంది. మన అనంతగిరి, చింతపల్లి కొండల కడుపులోనూ అదే ఎర్రమన్ను.

మా ఊరి కమ్మరి గుర్తొస్తాడు. తొలకరికి ముందు నాగటి కర్రులన్నీ ఆయన కొలిమి దగ్గరికి చేరేవి. తిత్తి ఊది, మొన దానిమ్మగింజ రంగు తిరిగేదాకా ఆగి, పట్టకారుతో తీసి, దాగలి మీద సాగగొట్టి, చివరికి మొన మాత్రమే నీళ్ళలో ముంచేవాడు. చుయ్యిమనేది. "అంతా ముంచితే పెళుసెక్కి విరిగిపోద్ది బాబూ" అనేవాడు. ఆయన కంటికి తెలిసిన ఆ కొలత నీకు ఊపులో తెలుసు. ఊపు పెంచితే వేడి చర్మం దగ్గరే ఆగుతుంది, తగ్గిస్తే ఎముకదాకా దిగుతుంది. పళ్ళచక్రం పంటిని, క్రాంక్‌షాఫ్ట్ మెడను క్షణాల్లో ఎర్రగా కాచి, వెంటనే నీళ్ళు చిమ్మితే పైన కొన్ని మిల్లీమీటర్లు రాయవుతాయి. లోపల సాగే గుణం అలాగే ఉంటుంది. వెయ్యో ముక్కకూ మొదటి ముక్కకు పెట్టిన పదునే. పనివాడి ముఖాన మసి లేదు, కళ్ళలో పొగ లేదు.

తెలంగాణలోని కోనసముద్రంలో ఒకనాడు మట్టిమూసల్లో కరిగిన ఉక్కు పర్షియాదాకా వెళ్ళి కత్తులైంది. ఇప్పుడు హైదరాబాదు కంచన్‌బాగ్‌లో, 1973లో పుట్టిన మిధాని లోహ కర్మాగారంలో, గాలి తీసేసిన కొలిముల్లో నువ్వే మిశ్రధాతువుల్ని కరిగిస్తున్నావు. బొగ్గు తగలదు, గాలి సోకదు. కరిగిన లోహం నీ ఊపుకే తనలో తాను తిరుగుతుంది, గరిటె పెట్టకుండా కలిసిపోయే పులుసులాగా. ఎదురుగా అంత వేడి ఉడుకుతుంటే, బోలుగా ఉన్న నీ రాగిగొట్టంలో చన్నీళ్ళు పారుతూనే ఉంటాయి. నీ కడుపు చల్లగుండ!

నిన్ను పొగుడుతూ నీ పంతం చెప్పకపోతే తప్పు. అమ్మ మట్టిచట్టి తెచ్చి, మా వంటింట్లో నువ్వున్న ఇండక్షన్ పొయ్యి మీద పెట్టింది. నువ్వు పలకలేదు. ఇత్తడి గిన్నె పెట్టింది. కుయ్యిమని తప్పుకున్నావు. చివరికి ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుని గిన్నెల అడుగులన్నీ తడిమి చూసింది, పెళ్ళిచూపుల్లోలాగా. అంటుకున్న పెనం మీదే అట్టు పడింది. కాలేది పెనమే గదా, పెనం మీంచి పొయ్యిలో పడ్డవాడు నీ దగ్గర బతికిపోతాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నీ నిప్పు ఎక్కడుందని వెతికితే, ఈ బెంటన్ కౌంటీలోనే జెంట్రీ దగ్గర ఫ్లింట్ క్రీక్‌లో బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. మా వంటింట్లోంచి వెళ్ళిన పొగ మరీ దూరం పోలేదు. ఎండనుంచో గాలినుంచో నీకు కరెంటు అందిన రోజునే నువ్వు నిజంగా పొగ రాని చుట్టవి.

సీసా ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని కడిగి ఎండబెట్టి మాగాయ పెట్టింది. దాచిన రేకును మూతికి అద్ది చూసింది. అతకలేదు. ఒక్కసారి తెరిస్తే మళ్ళీ మూసుకోకపోవడమే నీ వాసెన నిజాయితీ అని చెప్పాను. "పచ్చడి సీసా రోజూ తెరవాలి గదరా" అంటూ నా పాత లాల్చీ చింపి, మూతికి కప్పి, దారం రెండు చుట్లు తిప్పి ముడేసింది.